టోకెన్ నంబరు 412

"గొడుగు తడవలేదు కదా?" ఫోన్‌లో పెద్దాయన గొంతు.

"గొడుగే పోయింది సార్," అన్నాడు మేకు.

అవతల కుర్చీ కిర్రుమంది. గొడుగు అంటే ట్యాబ్. ఆ కోడ్ పెట్టిన మనిషి, గొడుగు పోతే ఏమనాలో కోడ్ పెట్టలేదు.

మేకు అసలు పేరు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురికే తెలుసు. ఒకసారి దిగితే ఊడిరాడని ఆ పేరు. మూడు వారాలుగా ఈ కాలేజీలో ప్రొజెక్టర్ మెకానిక్ వేషం. విదేశీ ముఠాకి సమాచారం మోసే కొరియర్ ఈ క్యాంపస్‌లోనే ఉన్నాడు, వాణ్ణి పట్టుకోవాలి. గుండీలో కెమెరా, చెవిలో గింజంత రిసీవర్, టూల్‌బాక్స్ అడుగున పిస్టల్. ఇన్ని ఉండీ, రీడింగ్ రూమ్‌లో పనిచేసే ఒకే ఒక్క ప్లగ్‌కి ట్యాబ్ తగిలించి, లైబ్రేరియన్ "బాబూ, ఈ ఫ్యాన్ కాస్త చూడు" అంటే నాలుగు నిమిషాలు పక్కకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి వైరు వేలాడుతోంది. ట్యాబ్ లేదు.

"ఈ వారంలో ఇది నాలుగోది," అంది లైబ్రేరియన్, పోవడం తన తప్పు కాదన్నట్టు. "నోటీసు పెట్టాం కదా."

పెట్టారు. మీ వస్తువులకు మీరే బాధ్యులు. నోటీసు పైన కెమెరా కూడా ఉంది. దానికి వైరు లేదు.

ఆ ట్యాబ్‌లో ఒక పేరుంది. ఒక దర్జీ పేరు. ముఠా నాయకుడికి ఐదేళ్లుగా కోట్లు కుడుతూ, టేపు పట్టుకుని వంగి నిలబడి, విన్న ప్రతి మాటా మనకి మోసుకొస్తున్న ముసలాయన. మేకుని "తమ్ముడూ" అని పిలుస్తాడు. ట్యాబ్ తాళం పగలగొట్టడానికి ముఠాకి ఇరవై నిమిషాలు చాలు. ఆ తర్వాత దర్జీ ఇంటికి చేరడు.

"ఇక్కడి నుంచే చెరిపేయండి సార్."

"చెరపొచ్చు. కంప్లయింట్ నంబరు కావాలి. అది లేకుండా సిస్టమ్ తీసుకోదు."

"మనిషి ప్రాణం సార్."

"నాకు తెలీదా? నంబరు పట్రా. గేటు దగ్గర ఇద్దర్ని పెడుతున్నా."

సెక్యూరిటీ ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండా ఫారం తోశాడు.

"కొన్న బిల్లు?"

"లేదు."

"డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం?"

"నేను మెకానిక్‌ని."

"అయితే కాంట్రాక్టర్ సంతకం. రెండు కాపీలు."

"నంబరు ఎప్పుడిస్తారు?"

"మూడు వర్కింగ్ డేస్."

దొంగకి పట్టింది నాలుగు నిమిషాలు. దొంగతనం జరిగిందని ఒప్పుకోడానికి వీళ్ళకి మూడు రోజులు. మేకు పళ్ళు నూరాడు. ఫారం నింపాడు. నీలం పెన్నుతో రాశావని ఇంకో ఫారం ఇచ్చారు. అది కూడా నింపాడు.

అక్కణ్ణుంచి నేరుగా క్యాంటీన్‌కి నడిచాడు. మూలబల్ల దగ్గర మేడమ్ కూర్చుని ఉంది. విదేశీ భాషలు చెప్పే గెస్ట్ లెక్చరర్. నీలి కళ్ళద్దాలు, మెడలో పట్టు స్కార్ఫ్. ఆమె వస్తే కుర్రాళ్ళు చెదిరిన జుట్టు సర్దుకుంటారు. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు అందిస్తోందని పెద్దాయనకి ఆమె మీద మహా నమ్మకం.

"మీవాళ్ళ పనేనా?" అన్నాడు మేకు గొంతు తగ్గించి.

"నాకేం చెప్పలేదే. అయ్యో పాపం, పనిముట్టు పోతే మెకానిక్‌కి ఎంత కష్టం," అని కాఫీ కప్పు ఎత్తింది.

చెయ్యి పైకి లేచింది. జాకెట్టు పొడుగు చెయ్యి మోచేతి వైపు జారింది. మణికట్టు మీద నల్ల మార్కర్‌తో 412.

మేకుకి ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, తన మీద.

ఆ కాలేజీలో పరీక్ష రోజున ఫోన్లు, ట్యాబ్‌లు హాలు బయట బల్ల దగ్గర అప్పజెప్పి టోకెన్ తీసుకోవాలి. నిరుడు పిల్లలు టోకెన్లు మార్చుకుని ఒకరి ఫోన్లు ఒకరు కొట్టేశారు. అప్పట్నించి అక్కడి అటెండరు కాగితాన్ని నమ్మడం మానేసింది. ఇచ్చినవాళ్ళ మణికట్టు మీద తన చేత్తో నంబరు రాస్తుంది. అందరూ ఆమెని టోకెనత్త అంటారు. మేడమ్ ఏ పరీక్షా రాయడం లేదు. మరి ఏం అప్పజెప్పినట్టు? ఇవాళ పరీక్ష ఉంది, మూడింటికి అది అవగానే ఆరు వందల మంది ఒక్కసారి బయటపడతారు. ఆరు వందల సంచుల్లో ఏ సంచి అని గేటు దగ్గర వెతుకుతారు?

రెండున్నర. టోకెనత్త ఇనుప బీరువాకి ఆనుకుని కూర్చుంది. తాళంచెవి నడుముకి ఉంది.

"అమ్మా, 412లో ఉన్నది నా ట్యాబ్. దొంగిలించి పెట్టారు. బయటికి తీయండి, వేలు పెట్టి తెరిచి చూపిస్తా."

"చెయ్యి చూపించు బాబూ."

"నా చేతి మీద ఎందుకుంటుంది? పెట్టింది దొంగ."

"నంబరు లేని చేతికి నేనివ్వను. ప్రిన్సిపాల్ గారు అడిగినా ఇవ్వను. ఆయన్నే అడుగు."

జేబులో ఉన్నది మెకానిక్ కార్డు. అసలు కార్డు ఫీల్డులోకి తేకూడదని ఇంకో రూలు. కలబడితే గుంపు చేరుతుంది, కొరియర్ జారుకుంటాడు. స్టాఫ్‌రూమ్‌లోకెళ్ళి మార్కర్ తెచ్చుకున్నాడు మేకు. మణికట్టు మీద 412 రాసుకుని మళ్ళీ వచ్చాడు.

టోకెనత్త కళ్ళజోడు సర్దుకుని చూసింది. "నా నాలుగుకి ముక్కు వంకరగా ఉంటుంది. నీది బడిపంతులు రాసినట్టుంది. పో నాయనా, ఎండలో తిరక్కు."

అన్ని ట్రైనింగులు, ఇన్ని గాడ్జెట్లు. ఒక వంకర ముక్కు దగ్గర ఆగిపోయాయి. మేకు కసికొద్దీ బొటనవేలితో ఆ అంకెలు రుద్దేశాడు.

మూడు. గంట మోగింది. గుంపు మీద పడింది. టై కట్టుకున్న ఒకడు ముందుకొచ్చి 412 టోకెన్ చాపాడు. గుండీ కెమెరా క్లిక్‌మంది. ఇన్నాళ్లూ వెతుకుతున్న కొరియర్.

"చెయ్యి," అంది టోకెనత్త.

"టోకెన్ ఉందిగా."

"కాగితం ఎవడైనా తెస్తాడు. జరుగు."

వాడు వెనక్కి చూశాడు. మేడమ్ విసుగ్గా వచ్చి మణికట్టు ముందుకు పెట్టింది. వంకర ముక్కు సరిపోయింది. బీరువా తెరుచుకుంది. ట్యాబ్ బయటికొచ్చింది.

"అది నాది," అన్నాడు మేకు.

"ఇతనెవరో నాకు తెలీదు," అంది మేడమ్.

టోకెనత్త చెయ్యి గాల్లో ఆగింది. "ఇద్దరు అడిగితే తగాదా. తగాదాకి వేరే రూలు. ఎవరు తాళం తీస్తే వాళ్ళది."

"అరగంట క్రితం నేను చెప్పిందిదే కదమ్మా."

"అప్పుడు తగాదా లేదుగా. నువ్వొక్కడివే అడిగావు."

మేకు ఏడవలేక నవ్వాడు. బొటనవేలు పెట్టాడు. తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టాడు. తెరుచుకోలేదు. వేలంతా మార్కర్ సిరా. ఇంకొక్కసారి తప్పితే గంటసేపు ఎవరికీ తెరుచుకోదు.

"చూశారుగా. ఇక ఇచ్చెయ్యండి, నాకు క్లాసుంది," మేడమ్ చెయ్యి చాపింది. వేళ్ళు ట్యాబ్ అంచుని తాకాయి.

"ఆగమ్మా." టోకెనత్త బల్ల కింద నుంచి స్పిరిట్ సీసా, గుడ్డ తీసి మేకు ముందు పెట్టింది. వస్తువు తిరిగిచ్చాక చేతి మీద నంబరు చెరిపేది దానితోనే. "ముందు ఆ సిరా తుడుచుకో. దొంగరాత రాసుకుంటే ఇంతే మరి."

తుడిచాడు. పెట్టాడు. స్క్రీన్ వెలిగింది.

మేడమ్ అప్పటికే గుంపులో కలిసిపోయింది. టైవాడు కూడా.

"గేటు," అన్నాడు మేకు ఫోన్‌లో. "వాడి ఫొటో పంపిస్తున్నా. సంచులు వదిలెయ్యండి. ఆడవాళ్ళ చేతులు చూడండి. పిల్లలందరి నంబర్లూ ఇక్కడ అటెండరు చెరిపే పంపిస్తోంది. ఇంకా నంబరున్న చెయ్యి ఒక్కటే ఉంటుంది."

ఆరు నిమిషాల్లో ఇద్దరూ దొరికారు. మేడమ్ స్కార్ఫుని మణికట్టుకి చుట్టుకుందట. ఎండాకాలం, చేతికి స్కార్ఫ్.

సాయంత్రం దర్జీ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఇల్లు చేరాను. గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదన్నా. ఆఫీసు పని."

మూడు వర్కింగ్ డేస్ తర్వాత సెక్యూరిటీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. కంప్లయింట్ నంబరు ఇచ్చారు. కింద: వస్తువు దొరికే అవకాశం లేనందున ఫైలు మూసివేయడమైనది. మేకు ఆ ముక్క ఆ ట్యాబ్‌లోనే చదివాడు. కడుపుమంట చల్లారక పెద్దాయనకి పంపాడు: "మీరడిగిన నంబరు సార్."

పంపిన మరుక్షణం ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిగిపోయి స్క్రీన్ నల్లబడింది. ఈసారి సిస్టమ్ తీసుకుంది.