వీధి వైపు మగ్గం

"ఇల్లు కడతాండావా, మమ్మల్ని వీధిలోంచి వెళ్ళగొడతాండావా?"

హేమావతి ప్లాను కాగితాన్ని తిరిగి శశి చేతిలో పెట్టేసింది. అనంతపురంలో కొత్తగా ఆఫీసు తెరిచిన ఈ ఆర్కిటెక్టుకు మొదటి క్లయింటు ధర్మవరం నేతగాడు గంగాధరప్ప. ఆయన కూతురి చేతిలో మొదటి డ్రాయింగుకే ఈ మర్యాద జరిగింది.

"ముందర హాలు, వెనక మగ్గం. నీట్‌గా ఉంటుందండీ," అన్నాడు శశి.

"వెనక పెడితే మగ్గం మోత వీధికి ఎట్లా వినపడుతుంది? పొద్దున్నే మోత రాకుంటే పక్కింటి సుజాతక్క వచ్చి జ్వరమా అని అడుగుతుంది. మధ్యాహ్నం దాకా రాకుంటే వీధి వీధంతా వస్తుంది. మాకు అదే వాట్సాప్ గ్రూపు."

శశికి నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. తమదీ నేత కుటుంబమే, కాకపోతే తాత రోజుల్లోనే మగ్గం వదిలేశారు.

ప్లానులో మగ్గం ముందుకొచ్చింది, దాని పక్కన పెద్ద కిటికీ వచ్చింది. కిటికీ కొలతల పేరుతో శశి రాకపోకలు పెరిగాయి.

"ఆ కిటికీ ఏమన్నా ఎదుగుతాండాదా?" అని హేమ ఆటపట్టించేది. ఆమె ఓరగా చూసినప్పుడల్లా అతని చేతిలో టేపు జారిపోయేది.

చివరికి ధైర్యం చేసి గంగాధరప్పను పిల్లనిమ్మని అడిగేశాడు. ఆయన తల ఎత్తకుండా "చూస్తాం లేప్పా" అన్నాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. హేమ ఫోన్ కూడా ఎత్తలేదు.

ఉండబట్టలేక శశే వచ్చాడు. వీధంతా మగ్గాలు ఆడుతున్నాయి, ఒక్క గంగాధరప్ప ఇంట్లో తప్ప. బైకు ఎలా ఆపాడో కూడా తెలియకుండా లోపలికి పరుగెత్తాడు.

"ఎవరికేమైంది?"

మగ్గం దగ్గర గంగాధరప్ప, భార్య ఓబమ్మ, హేమ వంగి కూర్చుని, పాత పోగుల కొసలకు కొత్త ఎర్ర పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతున్నారు.

"ఏమీ కాలేదప్పా, కొత్త పడుగు అతుకుతాండాం. అయ్యేదాకా మగ్గం ఆడదు. వీధికంతా తెలుసు," ఓబమ్మ నవ్వింది. "నేతోళ్ళ బిడ్డవు, నీకు తెలీదా?"

"నాకు జవాబు చెప్పలేదు కదా, అందుకే..."

"ఇదే జవాబు," అన్నాడు గంగాధరప్ప. "మా ఇంట్లో ఆడబిడ్డ పెండ్లి ఖాయమైతేనే ఆమె చీరకు పడుగు ఎక్కిస్తాం. మళ్ళా నోటితో చెప్పల్లనా?"

శశికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఫోనైనా ఎత్తొచ్చు కదా హేమా!"

"ఎందుకెత్తల్ల? అడిగింది మా నాయనను. నన్ను అడిగినావా?"

నిజమే. కిటికీ గురించి అడిగాడు, గడప గురించి అడిగాడు, ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. ఓబమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. గంగాధరప్ప చూపు పోగుల మీదే ఉంది కానీ చెవులు ఇటే ఉన్నాయి.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాడు శశి, అందరి ముందూ.

"చేసుకుంటా," అంది హేమ. "ఇష్టం లేకుంటే ఇన్ని పోగులు అతుకుతానా? నడుము పడిపోతాంది. వచ్చి ఈ పక్క పట్టుకో."

శశి చేతులు చొక్కాకు తుడుచుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.