పిడి మీద బొడిపె

“ఆ ఊస గురి తప్పి ఎవరి డొక్కలోనో దిగితే మన గతేంటే, థెమెలీనా?”

సెవస్తి మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. వేళ్ళు గింజల మీదున్నాయి, కళ్ళు సముద్రం మీదున్నాయి.

“రబ్బరు తెగి వాడి మొహానికే కొడితే? కన్ను పోతే? వాళ్ళమ్మ వచ్చి మన గుమ్మంలో కూర్చుని ఏడిస్తే?”

“అమ్మా, అతనింకా నీళ్ళలోకే దిగలేదు.”

“దిగలేదనేగా చెప్తున్నా! దిగాక చెప్పి ఏం లాభం?” అని సెవస్తి దిష్టి తగలకుండా తూ తూ తూ అని మెడ దగ్గర చొక్కాలోకి ఊదుకుంది.

థెమెలీనా పళ్ళు బిగపట్టి చిత్రిక పట్టడంలో పడింది. కాలిమ్నోస్ దీవిలో, రబ్బరు లాగి ఇనప ఊసని వదిలే చేపల తుపాకులు చెక్కతో చేసే కొట్లు ఒకప్పుడు నాలుగుండేవి. ఇప్పుడు వాళ్ళదొక్కటే. నాన్న మికేస్ పోయి రెండు చలికాలాలు గడిచాయి. కొట్టు ఎవరికైనా అద్దెకిచ్చేద్దామని అమ్మ పోరు. బొమ్మలమ్మే మనిషొకడు ఇప్పటికే రెండుసార్లు వచ్చి గోడలు కొలుచుకుపోయాడు. ఏప్రిల్ ఆఖరు దాకా గడువు. మే నెలంతా తుపాకీతో చేపల వేట నిషేధం కాబట్టి, ఆలోగా మునిగి వేటాడే ఈతగాళ్ళ క్లబ్బు ఆమె చేసిన తుపాకీని ఒప్పుకుంటే కొట్టు నిలుస్తుంది. లేదంటే గోడలకి బొమ్మలు వేలాడతాయి.

ఒప్పుకోవాల్సినవాడి పేరు సకెల్లారిస్. క్లబ్బు పంపిన పరీక్షకుడు.

క్లబ్బు పద్ధతి ఒకటుంది. పరీక్షించినవాడు ఆ తుపాకీతో మునిగి వచ్చి, చేసినవాళ్ళ గడప ముందే నిలబడి, నలుగురూ వినేలా తప్పు చెప్పాలి. చేసినవాళ్ళు ఎదురు చెప్పకూడదు. ఎదురు చెప్తే పరీక్ష రద్దు.

మొదటి రోజు మధ్యాహ్నం, ఒంటి మీంచి నీళ్ళు కారుతుండగా వచ్చి నిలబడ్డాడు. పొడుగ్గా ఉన్నాడు. చెవుల అంచుల్లోంచి ఉప్పునీళ్ళు బొట్లుబొట్లుగా జారుతున్నాయి.

“ట్రిగ్గర్ బిగుతు,” అన్నాడు.

ఎదురు కాఫీ కొట్టులో ముసలాళ్ళు తలలు తిప్పారు. థెమెలీనా చెవులు కాలిపోయాయి. ఆ మధ్యాహ్నమంతా ట్రిగ్గర్ విప్పి సాన పట్టింది.

రెండో రోజు: “ఊస తాడు విడిపించే మీట బొటనవేలికి గీసుకుంటోంది.”

మూడో రోజు: “ముందు భాగం తేలిక. ఊస వదలగానే మూతి పైకి తేలుతోంది.”

నాలుగో రోజు: “సేఫ్టీ మీట తీస్తే టక్కుమంటోంది. రాతి సందులో ఉన్న చేప అదిరిపడి లోపలికి దూరిపోయింది.”

“చేప నీ మొహం చూసి దూరిపోయుంటుంది!” అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. సకెల్లారిస్ ఆమె కేసి చూశాడు, పెదవి చివర నవ్వు ఆపుకుంటున్నట్టు. అది చూసి ఇంకా మండింది.

“పాపం, పిల్లాడు చలికి వణుకుతున్నాడే,” అంది మెట్ల మీంచి సెవస్తి. “న్యుమోనియా వస్తే మన మీదకే వస్తుంది.”

“రానీ!”

రోజుకొక్క తప్పు. ఒక్కటంటే ఒక్కటే. చెప్పి వెళ్ళిపోతాడు. రోజూ ఆమె సరిచేస్తుంది. అలా ఎనిమిదో రోజు వచ్చింది.

“పిడి,” అన్నాడు సకెల్లారిస్. “పిడి కింద ఆ బొడిపె ఎందుకు? కోసెయ్యాలి.”

థెమెలీనా చేతిలోని ఆకురాయి జారి నేల మీద ఖణేలుమంది.

“ఏం కోసేది? అది మా నాన్న గీసిన పిడి! నువ్వు పుట్టకముందు నుంచీ అదే పిడి! ముప్పై ఏళ్ళు అలాంటి పిడితోనే వేటాడాడు, తెలుసా?”

కాఫీ కొట్టులో ముసలాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.

“ఎదురు చెప్పావు,” అన్నాడతను మెల్లగా.

“చెప్పాను! రాసుకో! పెద్ద అక్షరాలతో రాసుకో! నీకు గురి కుదరక పిడి మీద పడి ఏడుస్తున్నావని కింద నేను సంతకం పెడతా!”

“అయితే పద. నువ్వే కొట్టి చూపించు.”

“పద!”

“ఓరి దేవుడో, ఇద్దరూ మునుగుతారు!” అని సెవస్తి చిక్కుళ్ళ గిన్నె వదిలేసి లేచింది.

రేవు పక్క రాళ్ళ దగ్గర నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎనిమిది బారల లోతున పాత నూనె డబ్బా ఒకటి నిలబెట్టారు. థెమెలీనా నీళ్ళలోకి దిగాకే, తుపాకీ మడమ రొమ్ముకి ఆనించి రబ్బర్లు లాగి తగిలించింది. ఊపిరి బిగబట్టి మునిగింది. ఠాప్! డబ్బాకి బొక్క పడింది. రెండోసారి, మూడోసారి కూడా తగిలింది.

పైకొచ్చి జుట్టు వెనక్కి విదిలించింది. “ఊ? నీ వంతు.”

అతను మునిగాడు. ఊస డబ్బా మీంచి జానెడు ఎత్తున పోయింది. రెండోది కూడా అంతే. మూడోది ఇంకా పైకి.

ఆమె తుపాకీ లాక్కుని పగలబడి నవ్వింది. ఎనిమిది రోజుల కోపమంతా ఆ నవ్వులో ఉంది. “దీవి మొత్తానికి పెద్ద వేటగాడివట! బొడిపె తప్పా, నీ చెయ్యి తప్పా?”

అతను నవ్వలేదు. ఆమె చేతినే చూస్తున్నాడు.

“నీ రెండు వేళ్ళు ఎందుకు బయట పెట్టావు?”

“ఏ వేళ్ళు?”

చూసుకుంది. చిటికెన వేలూ ఉంగరం వేలూ పిడి కింద నిటారుగా చాచి ఉన్నాయి. మూడు వేళ్ళతోనే పట్టుకుంది.

“తుపాకీ అలాగే పట్టుకోవాలి,” అంది. అని, ఆగిపోయింది.

అలా పట్టుకునేది నాన్న. కుర్రతనంలో సముద్రం అడుగున స్పాంజీలు కోయడానికి లోతుకి దిగి, తొందరపడి పైకొచ్చేసరికి నరాలు దెబ్బతిన్నాయి. అప్పటి నుంచీ ఆ రెండు వేళ్ళూ వంగలేదు. పదేళ్ళ వయసులో నాన్న పక్కన రాయి మీద పడుకుని, నాన్న ఎలా పట్టుకుంటే తనూ అలాగే పట్టుకుంది. చచ్చుపడ్డ చేతికి ఆసరాగా నాన్న చెక్కుకున్న బొడిపెని, ప్రతి తుపాకీకీ ఉండాల్సిన అందమనుకుని చెక్కుతూ వచ్చింది.

సకెల్లారిస్ తుపాకీ అందుకుని, తన రెండు వేళ్ళూ చాచి, మూడింటితో పిడి పట్టి, మళ్ళీ మునిగాడు. ఠాప్.

పైకొచ్చి అతనేదో అనబోయాడు. “మాట్లాడావంటే చంపేస్తా,” అంది థెమెలీనా. ఆమె మొహం మీద ఉన్నవన్నీ సముద్రపు నీళ్ళు కావు. ఒడ్డెక్కి, వెనక్కి తిరక్కుండా ఇంటికెళ్ళిపోయింది.

ఏప్రిల్ ఆఖరు రోజు పొద్దున్నే వచ్చాడు. తడిసి లేడు. చేతిలో కాగితముంది.

“పారేసి పో,” అంది థెమెలీనా, చెక్క మీంచి తలెత్తకుండా. “పరీక్ష రద్దని నాకు తెలుసు.”

సెవస్తి గబగబా మెట్లు దిగి కాగితం లాక్కుంది. బడి మొహం చూడక పొయ్యి దగ్గర నేర్చుకున్న చదువు ఆవిడది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది: “తుపాకీ... బాగుంది. ఆరు... కావాలి. పిడి మాత్రం... ఎవరి చేతికి... వాళ్ళకి... కొలిచి చెయ్యాలి.” చదివి గోడకి చేరబడిపోయింది. “ఆరుగురికా! ఆరుగురి తల్లులకీ నేనేం సమాధానం చెప్పను!”

“కొట్టు అద్దెకివ్వనని ఆ బొమ్మల ఆయనకి చెప్పు, పిన్నీ. చాలు,” అన్నాడు సకెల్లారిస్.

థెమెలీనా తలెత్తింది. “ఎదురు చెప్పానుగా.”

“నాకు చెవుల్లో నీళ్ళున్నాయి. వినపడలేదు.” కాస్త ఆగి అన్నాడు, “మీ నాన్న సొంత తుపాకీ మీద మాత్రం ఆకురాయి పెట్టకు.”

“నువ్వు చెప్పాలా? అది సరే, రోజుకొకటి చెప్పావే, ఈ తప్పులన్నీ నీకెప్పుడు తెలిశాయి?”

అతను నేల చూపులు చూశాడు. “మొదటి రోజే.”

“అన్నీనా?”

“బొడిపె ఎందుకో తప్ప, అన్నీ.”

“మొదటి రోజే తెలిసి ఎనిమిది రోజులు నన్ను బజార్లో నిలబెట్టావా? ఆ ముసలాళ్ళు నవ్వుతుంటే! నిద్ర లేక నా కళ్ళు చూడు!”

“చూశాను. రోజూ చూడ్డానికే రోజుకొకటి చెప్పాను.” అతని చెవులు ఎర్రబడ్డాయి. “తప్పులయిపోయాయి, థెమెలీనా. ఇక చెప్పడానికేం లేదు. రేపట్నుంచి ఊరికే రావచ్చా?”

సెవస్తి రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. కూతురు కాదంటే ఆ పిల్లాడు గుండె పగిలి ఏ రాతి మీంచి దూకుతాడో, ఔనంటే ఏ తుఫానులో పడవెక్కి పిల్లని తీసుకుపోతాడో. రెండూ ఒకేసారి కళ్ళకి కట్టి ఆవిడకి ఊపిరాడలేదు.

థెమెలీనా చిత్రిక తీసుకుంది. ఒక పొర లేచింది, ఇంకో పొర లేచింది. కాఫీ కొట్టులో పాచికల చప్పుడు ఆగింది. అతను గడప మీద ఒక కాలి నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకున్నాడు. పిల్లి ఒకటి వచ్చి, అందర్నీ చూసి, వెళ్ళిపోయింది. చెక్క పొరలు ఆమె పాదాల దగ్గర కుప్పపడ్డాయి.

చిత్రిక పక్కన పెట్టి, చెవి మీంచి పెన్సిల్ తీసి, బల్ల మీద ఖాళీ చెక్క ముక్క ఒకటి సర్దింది.

“చెయ్యి ఇలా పెట్టు,” అంది కసురుకున్నట్టే. “కొలత ఒక్క రోజులో తెమిలేది కాదు.”