ఆరు డిగ్రీల వాలు

"ఈసారి నీ డ్యూటీ పండుకునుడు" అన్నాడు జనార్దన్.

లక్డీకాపూల్‌లో, బయట బీమా ఆఫీసని బోర్డున్న గదిలో ఆ మాట విని ఏజెంట్ శశికిరణ్ నవ్వాడు. పై అధికారి నవ్వకపోయేసరికి తనూ ఆపేశాడు. శశికిరణ్ నడిచే రైలు మీంచి దూకినవాడు, అఫ్జల్‌గంజ్ బస్సుల మధ్య తుపాకీకి ఎదురెళ్ళినవాడు. హిమాయత్‌నగర్లో ఉన్న వాళ్ళమ్మకు మాత్రం కొడుకు పాలసీలు అమ్ముతాడనీ, అదీ సరిగ్గా అమ్మలేడనీ తెలుసు.

జనార్దన్ ఒక ఫోటో ముందుకు తోశాడు. అబిడ్స్‌లో పాత కాంప్లెక్స్ మెట్ల మీద పడి ఉన్న పెద్దాయన. ప్రొఫెసర్ ప్రసన్నకుమార్, క్వాంటమ్ ఫిజిక్స్. మెట్లు జారి పోయాడని పేపర్లు రాశాయి. మెడ వెనక సూది గుచ్చిన మచ్చ ఉందని మాత్రం రాయలేదు. కండరాలను బిగబట్టేసే మందు అది. ముందు కాళ్ళు ఆగుతాయి, తరవాత చేతులు, తరవాత ఊపిరి.

ఆయనా, ఆయన శిష్యురాలు భవ్యశ్రీ కలిసి కందిబద్దంత వజ్రంతో ఒక సెన్సర్ తయారుచేశారు. కదలని కండరంలో పుట్టే అతి సన్నని అయస్కాంత శక్తిని కూడా అది పసిగడుతుంది. కండరాన్ని పట్టేది సముద్రం అడుగున దాక్కున్న సబ్‌మెరైన్‌ని కూడా పడుతుంది. ఒక విదేశీ ముఠాకు అది కావాలి. దాన్ని మళ్ళీ తయారుచేసుకునే తెలివి మనకు మిగలకూడదు. ఆ తెలివి ఉన్న ఇద్దరిలో ఒకరు ఫోటోలో ఉన్నారు.

"ఇగ ఆ పిల్ల ఒక్కతే మిగిలింది. ఆమె బతకాలె. గంతే నీ మిషన్" అన్నాడు జనార్దన్.

భవ్యశ్రీ ఇప్పుడు నాంపల్లిలో డాక్టర్ విశ్వనాథ్ చేస్తున్న ప్రయోగంలో ఆ సెన్సర్‌ని వాడి చూస్తోంది. మనిషి వారాల తరబడి కదలకుండా పడుకుంటే ఒంటికి ఏమవుతుందన్నది ఆయన పరిశోధన. అంతరిక్షంలో తేలేవాళ్ళకీ, మంచాన పడ్డవాళ్ళకీ పనికొచ్చే విద్య. వాలంటీర్లు తల దిగువకు ఆరు డిగ్రీలు వాల్చిన మంచాల మీద పడుకోవాలి. తిండి, స్నానం, తతిమ్మావన్నీ అక్కడే. ముఠా మనిషి ఆ హాల్లో ఎవరైనా కావచ్చు. కాబట్టి శశికిరణ్ కూడా పడుకోవాలి.

లోపల మన ఇన్ఫార్మర్ ఒకరున్నారనీ, పలకరించే కోడ్ "బీదర్‌లో గుర్రం అమ్ముడుపోయిందా", జవాబు "కొన్నవాడికి స్వారీ రాదు" అనీ చెప్పి జనార్దన్ ఫైలు మూసేశాడు.

*

నాంపల్లి స్టేషన్ వెనక సందులో పాత బంగళా. హాలు ఒకప్పుడు నడవా. కడిగిన నీళ్ళు పోయేందుకు నేల కిటికీ వైపుకు వాలుగా ఉంటుంది. మంచాల బ్రేకులు అరిగిపోయాయి గనక వార్డులో పనిచేసే ఎల్లేష్ ఒక్కో మంచం తలవైపు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాడు. అడ్మిషన్ రోజున అతనే శశికిరణ్ సామానంతా ఒక గోనెసంచిలో వేసుకుపోయాడు. మడమలో కత్తి ఉన్న బూట్లు, కెమెరా ఉన్న బెల్టు, ఫోను, అన్నీ. పండుకునేటోనికి బూట్లెందుకని అడిగాడు. డిపార్టుమెంటు ఇచ్చిన గాడ్జెట్లు పోయి ప్రయోగశాల ఇచ్చిన స్టీలు బెడ్‌పాన్ ఒకటి మిగిలింది.

పక్క మంచం, కిటికీ దగ్గర, దిగువన. దాని మీద ఉన్నావిడ మొదటి సాయంత్రమే తల తిప్పి, బీదర్‌లో గుర్రం సంగతి అడిగింది.

అక్షిత. రష్యా చరిత్రలో రీసెర్చ్ స్కాలర్. సోవియట్ డాక్టర్లు మనుషుల్ని నెలల తరబడి పడుకోబెట్టి చేసిన ప్రయోగాల చరిత్ర రాస్తోంది. స్వయంగా పడుకుంటే గాని రాయలేనని వాలంటీర్‌గా చేరింది. పాత హైదరాబాద్ కుటుంబం. పెద్ద కళ్ళు, ఎత్తయిన చెక్కిళ్ళు, దిండు లేని మంచం మీద కూడా పటంలో మనిషిలా ఉంటుంది. గుర్రాన్ని అమ్ముకోవడానికి ఐదు వందల ఏళ్ళ కిందట బీదర్ దాకా వచ్చిన రష్యన్ వర్తకుడి కథ ఆవిడే డిపార్టుమెంటుకు కోడ్‌గా ఇచ్చిందట. థీసిస్ రికార్డ్ చేసుకోవడానికి ఆవిడకు మాత్రం ఫోను అనుమతి ఉంది. శశికిరణ్ రిపోర్టులన్నీ ఆవిడ ఫోను మీదుగానే లక్డీకాపూల్ చేరాలి.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో నడుం నొప్పి మొదలైంది, నిద్ర పోయింది. రక్తమంతా తలలోకి దిగి ముక్కులు బిగుసుకుపోయాయి. స్టీలు గ్లాసులో శశికిరణ్ తన మొహం చూసుకుంటే నూనెలో పొంగిన బూరె కనిపించింది. తొడల మీద చెయ్యి వేస్తే వేరేవాళ్ళ తొడల్లా ఉన్నాయి. పిక్క నొక్కితే వేళ్ళ కింద మెత్తగా దిగిపోతోంది. ఎవరైనా కత్తి తీస్తే తను ఏం చేయగలడు? అతనికి భయం వేసింది. తుపాకులకు వెయ్యని భయం, సొంత కాళ్ళను చూసి వేసింది.

సాయంత్రాలు అక్షిత మాటలే దిక్కు. పీటర్స్‌బర్గ్ కోటలో ఖైదీల గురించి చెప్పేది. కావలివాళ్ళు మెత్తని ఉన్ని బూట్లు వేసుకుని తిరిగేవాళ్ళట, ఎప్పుడు చూస్తున్నారో ఖైదీకి తెలియకుండా. కొందరు ఖైదీలు గోడల మధ్య గుండ్రంగా నడుస్తూనే ఉండేవాళ్ళట.

"నడుసుడు ఆపినోళ్ళు బయట పడలే శశీ. చాటుకన్నా నడవాలె" అంది ఒకసారి.

ఎంత చక్కగా చెప్పిందనుకున్నాడు ఏజెంట్. ఎందుకు చెప్పిందో అనుకోలేదు. మధ్యాహ్నాలు ఆవిడ మంచం చుట్టూ తెర లాగేసుకుని థీసిస్ రికార్డ్ చేసేది. తెర వెనక నుంచి అర్థం కాని రష్యన్ మాటలు మెల్లగా వినిపిస్తుంటే అతను కళ్ళు మూసుకుని పాటలా వినేవాడు. సందు చివర బేకరీలో బిస్కట్లు కాలుస్తున్నప్పుడు, "అబ్బ, ఏం వాసన, మీకు వస్తలేదా" అనేది. రావడం లేదని బిగుసుకున్న ముక్కుతో నవ్వేవాడు. మనసు పారేసుకున్నాడని వేరే చెప్పాలా?

భవ్యశ్రీ వారానికోసారి సెన్సర్ తెచ్చి అందరి పిక్కల మీద కట్టేది. సన్నగా, అద్దాలు పెట్టుకుని, ఎప్పుడూ నిద్ర చాలని మనిషిలా ఉండేది. తాతలు కాకినాడ నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారట. గురువు పోయినప్పటి నుంచి మెట్లు దిగాలంటే కాళ్ళు వణుకుతున్నాయని ఒక రోజు అతనితో అంది. తను ఆమె కోసమే ఇక్కడ పడి ఉన్నాడని చెప్పలేక శశికిరణ్ వజ్రం గురించి అడిగాడు.

"మా క్వాంటమ్ లోకంలో చూడ్డం అంటే చిన్న విషయం కాదండీ. చూస్తే చాలు, వస్తువు మారిపోతుంది" అంది.

అదే రోజు, రెండో నంబరు మంచం దగ్గర సెన్సర్ తప్పు చూపిస్తోందని గొణుక్కుంది. అందరి కండరాల సిగ్నల్ తగ్గుతుంటే అక్కడ మాత్రం తగ్గడం లేదు. ఆమె చదువుకున్న పద్ధతి ఒకటే. ఎక్కడైనా ఒక్క అంకె తేడాగా ఉంటే మనిషిని అనుమానించరు, మిషన్‌ని అనుమానిస్తారు. పాపం ప్రతి వారం ఆ సెన్సర్‌ని విప్పి, సరిచేసి, మళ్ళీ కట్టింది.

శశికిరణ్ ఆ సాయంత్రం మామూలుగానే రిపోర్ట్ ఇచ్చాడు. ఫిజిసిస్ట్ క్షేమం, సెన్సర్‌లో ఏదో చిన్న లోపం, రెండో మంచం దగ్గర. అక్షిత శ్రద్ధగా విని, పంపిస్తానంది.

రెండో మంచం అక్షితది.

*

ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరినీ బల్లకు కట్టి మెల్లగా నిలబెట్టే పరీక్ష. ఇన్ని వారాల తరవాత ఎవరూ ఒక్కసారిగా లేవకూడదనీ, లేస్తే రక్తమంతా కాళ్ళలోకి జారి కళ్ళు తిరిగి పడిపోతారనీ విశ్వనాథ్ మైకులో మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

అంతకుముందు చివరి రీడింగ్ కోసం భవ్యశ్రీ శశికిరణ్ మంచం దగ్గరికొచ్చింది. పిక్కకు పట్టీ కడుతూ గొంతు తగ్గించింది.

"నిన్న వజ్రమే మార్చేశానండీ. కొత్తది పెట్టి అందరికీ చూశాను. రెండో మంచం దగ్గర మళ్ళీ అదే. మిషన్ బాగానే ఉంది. ఆవిడ కండే తగ్గలేదు."

శశికిరణ్ తల తిప్పాడు. అక్షిత కళ్ళు మూసుకుని ఉంది. ఎత్తయిన చెక్కిళ్ళు, సన్నని ముక్కు. హాల్లో అందరి మొహాలూ బూరెలైపోయాయి. ఆవిడ మొహం మొదటి రోజున ఎలా ఉందో అలాగే ఉంది. అందరికీ ముక్కులు బిగుసుకుపోతే ఆవిడకు బిస్కట్ల వాసన వచ్చింది. మధ్యాహ్నాలు తెర వెనక చదివింది ఆవిడ కాదు, ముందే రికార్డ్ చేసి పెట్టిన ఫోను. ఆ చాటున ఆవిడ నడిచింది.

తను ఇన్ని వారాలూ ఎవరికి రిపోర్ట్ ఇచ్చాడో అప్పుడు తెలిసింది. సెన్సర్ సంగతి తన నోటితోనే చెప్పాడు. ఈ పిల్ల చావుకు తనే దారి చూపించాడు.

"భవ్యా, జర ఇటు రామ్మా" అంది అక్షిత. "పట్టీ బిగుసుకపోయింది."

"వెళ్ళొద్దు" అనబోయాడు. బిగుసుకున్న ముక్కుతో ఏదో ముక్కు కూత వచ్చింది. భవ్యశ్రీ అప్పటికే పరికరాల పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. తెర చప్పుడు చేస్తూ మూసుకుంది. తెర మీద రెండు నీడలు. వంగి ఉన్నది ఒకటి. దాని మెడ వైపు లేస్తున్న చెయ్యి ఒకటి.

లేస్తే పడిపోతాడు. పడిపోతే ఆమె చచ్చిపోతుంది.

శశికిరణ్ తలకిందుగా రెండు చేతులూ కిందికి చాచాడు. చేతులకు ఇంకా బలముంది. తలవైపు చక్రాల కింద ఇటుకలు తగిలాయి. రెండూ ఒక్కసారే లాగి పారేశాడు. పక్క గోడను రెండు చేతులతో వెనక్కి తోశాడు.

మంచం కదిలింది. నేల వాలు మిగతా పని చూసుకుంది. తల ముందు, కాళ్ళు వెనక, భారత ప్రభుత్వపు గూఢచారి వెల్లకిలా వెళ్ళి తెరను చీల్చుకుంటూ రెండో మంచాన్ని గుద్దాడు. భవ్యశ్రీ ఒక పక్కకు పడింది. సిరంజి గాల్లోకి లేచి మొజాయిక్ నేల మీద పగిలింది.

అక్షిత లేచింది. పెట్టె లాక్కుని వరండా వైపు పరిగెత్తింది.

"పట్టుకోండి, పడిపోతుంది" అని అరిచాడు విశ్వనాథ్. ఆయన ఇంకా డాక్టరే. ఆవిడ పడిపోలేదు. జింకలా పోతోంది. గేటు బయట స్టార్టులో ఉన్న కారు, పది అడుగుల దూరంలో స్వేచ్ఛ.

శశికిరణ్ చేతికి అందిందొక్కటే. ఎల్లేష్ ఇంకా తీసుకెళ్ళని బెడ్‌పాన్. వెల్లకిలా పడుకునే నేల బారుగా విసిరాడు. స్టీలు గీరుకుంటూ వెళ్ళి గడప దగ్గర ఆవిడ పాదం కిందకు చేరింది. అది ఖాళీది కాదు. అంతర్జాతీయ ఏజెంట్ రెండు గజాలు జారి ఎల్లేష్ కాళ్ళ దగ్గర ఆగింది.

ఎల్లేష్ ఆవిడ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. "మేడం, గిన్ని దినాలు పండుకొని గింత ఉరుకుడు యాడ నేర్చిన్రు?" అని నిజంగానే అడిగాడు.

ఆవిడ లాక్కున్న పెట్టెలో వజ్రం లేదు. అది శశికిరణ్ పిక్క మీద పట్టీలోనే ఉంది. భవ్యశ్రీ మోచేతులు గీరుకుని ఏడుస్తూ లేచి కూర్చుంది. ఊపిరి తీసుకుంటోంది. ఆ చప్పుడు విన్నాక శశికిరణ్ అరెస్టు చేద్దామని, ఒక్కసారి తన కాళ్ళ మీద తను నిలబడి మర్యాదగా అరెస్టు చేద్దామని లేచాడు. హాలంతా నల్లబడింది.

*

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున్నే నడక నేర్పిస్తారు అతనికి. ఒక పక్క కర్ర, ఇంకో పక్క భవ్యశ్రీ మోచెయ్యి. ఆ రిపోర్టుల సంగతి ఆమె దగ్గర దాచలేదు. విన్నాక కూడా ఆమె మోచెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ మెట్లు వస్తే ఇద్దరి కాళ్ళూ వణుకుతాయి.

విశ్వనాథ్‌కు మాత్రం కోపం తగ్గలేదు. పరీక్షకు ముందే లేచి నిలబడ్డందుకు శశికిరణ్ డేటా మొత్తం కొట్టేశాడు. కావాలంటే మళ్ళీ మొదటి నుంచి పడుకోమన్నాడు.

ఒక ఆదివారం జనార్దన్ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. బిస్కట్ల పొట్లం విప్పాడు. వేడి వేడి వాసన. శశికిరణ్‌కు ఇప్పుడు వాసనలన్నీ తెలుస్తున్నాయి.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు" అన్నాడు జనార్దన్. "అన్ని వారాలు పక్క మంచమ్మీదనే ఉన్నది. మొఖం రోజు జూసినవ్. అనుమానం రాలేదా?"

శశికిరణ్ బిస్కట్ తుంచి నోట్లో వేసుకుని, దూరంగా అద్దాలు తుడుచుకుంటున్న భవ్యశ్రీ వైపు చూశాడు.

"చూస్తే వస్తువు మారిపోతుందని సైన్స్ సార్. నేను చూసినంతగా ఎవరూ చూసి ఉండరు. అక్షిత రవ్వంత కూడా మారలేదు. అప్పుడే పట్టుకోవాల్సింది."