రాఘవమ్మ దిగిన ఒకే ఒక్క ఫోటో

ప్రమీలమ్మ వాకిలి ఊడ్చి వచ్చేసరికి బాలింత కోడలు సామ్రాజ్యం ఏడ్చి ఏడ్చి కాస్త కునుకు తీసింది. సామ్రాజ్యం తల్లి రాఘవమ్మ నిన్న బొల్లాపల్లిలో పోయింది. పచ్చి బాలింత శవాన్ని చూడకూడదని పెద్దలు ఆమెను కదలనివ్వలేదు. “అత్తా, నువ్వన్నా పోయి మా అమ్మ ముఖం తెచ్చిపెట్టు” అని కోడలు చేతులు పట్టుకుంది.

మాచర్లలో కెమెరా పట్టిన మొదటి ఆడమనిషి ప్రమీలమ్మే. మొగుడు పోయాక ఆయన స్టూడియో తానే తెరిచింది. పరాయి మగాడి ముందు బురఖా తీయని హజ్రా బీ లాంటివాళ్లు ఆమె ముందు హాయిగా నవ్వేవాళ్లు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి చివరి ఫోటో తీయడానికీ ఆమెనే పిలిచేవాళ్లు. ఆ పని పేరెత్తితేనే కొడుకు ధనుంజయరావుకు కంపరం.

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని రాఘవమ్మ జన్మలో ఫోటో దిగలేదు. వియ్యపురాలు కెమెరా ఎత్తితే చాలు, తల తిప్పుకునేది. నిన్న తిప్పుకోలేకపోయింది. పొద్దున్నే చీకటిగదిలో కడగాలని ప్రమీలమ్మ ఆ రీలును కెమెరాలోనే ఉంచింది.

అంతలో ధనుంజయరావు తాను ఉద్యోగం చేసే విజయపురి సౌత్‌ నుంచి బస్సు దిగి వచ్చాడు. కబురు చెప్పడానికి వెళ్లిన మనిషి అతనికి ఎదురుపడనే లేదు.

“బస్సులో అందరి ముందూ కండక్టర్ ఏమన్నాడో తెలుసా? మీ అమ్మ నిన్న ఏ పీనుగుని నవ్వమందీ అన్నాడు! నా పరువు తీయడానికే పుట్టావా నువ్వు?”

“ఒరేయ్, ముందు కూకో. పోయింది ఎవరో...”

“ఎవరు పోతే నాకేంది! పురిటి ఇంట్లోకి పీనుగుని తెచ్చావు!”

“ఆ కెమెరా ముట్టుకోమాక రా! అందులో...”

అతను వినలేదు. కెమెరా వెనక తలుపు తీసి, రీలంతా బయటికి లాగి, వాకిట్లో ఎండకు పట్టాడు. “ఇదిగో నీ పీనుగు!”

ప్రమీలమ్మ అరుగు మీద కూలబడింది. అరుపులకు లేచిన సామ్రాజ్యం బిడ్డను ఎత్తుకుని గడప దాకా వచ్చింది.

“అత్తా, మా అమ్మ ఫోటో కడిగావా?”

“మీ ఆయన్ని అడుగు. ఆయన చేతిలోనే ఉంది మీ అమ్మ.”

ధనుంజయరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. రీలును గబగబా చుట్టి, ఎండ తగలకుండా చొక్కాలో దోపుకున్నాడు. ఫోటోలు తీసే తల్లి కడుపున పుట్టినవాడు, ఎండ తగిలిన రీలులో బొమ్మ మిగలదని తెలియనివాడు కాదు. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఏమయ్యా, ఎందుకట్టా ఏడుస్తున్నావు? నువ్వు చూశావా? ఎట్టా ఉంది మా అమ్మ?”

ప్రమీలమ్మ లేచి వెళ్లి కోడలి చేతుల్లోంచి బిడ్డను అందుకుంది. చెప్పబోయే మాట విన్నాక ఆ చేతులు బిడ్డను పట్టుకోలేవు.