గ్రాఫులో రెండో గీత

తెల్లవారగానే పోశవ్వ సంచి సర్దడం మొదలుపెట్టింది. రెండు లుంగీలు, తువ్వాలు, దవాఖాన ఫైలు, ఫ్లాస్కు నిండా పలచటి రాగిజావ. స్టేషనుకు తీసుకెళ్లే ఆటో ఎనిమిదింటికి కాశిబుగ్గలోని వాళ్లింటికి వస్తుంది. భర్త సారయ్య కడుపులో క్యాన్సర్ గడ్డ. హైదరాబాద్‌లో మూడో విడత మందు ఎక్కించాలి. పోయినసారి ఒంట్లో రక్తం లేదని డాక్టర్లు మందివ్వకుండానే పంపేశారు. ఈసారీ పంపేస్తే ఎలా అని ఆమెకు ఒకటే గుబులు.

మనవరాలు భవాని నెల తర్వాత నిన్న రాత్రే హాస్టల్ నుంచి వచ్చింది. యూనివర్సిటీలో లెక్కల్లో పరిశోధన చేస్తోంది. తిండి, రోగనిరోధక శక్తి మారితే క్యాన్సర్ గడ్డ ఎలా పెరుగుతుందో సమీకరణాల్లో రాయడం ఆమె పని. ఫ్లాస్కు మూత తీసి చూసింది.

"గిదేంది నాయనమ్మా? అన్నం డబ్బా ఏది?"

"జావ సాలు."

సారయ్య మంచం మీంచి నవ్వాడు. "అడుగు బిడ్డా. మీ నాయనమ్మ రాజ్యంల నెల సంది ఏకాదశే. ద్వాదశి వస్తలేదు."

"నువ్వు జర ఊకో," అని కసిరి, పోశవ్వ దిండు కింది నుంచి ఓ కాగితం తీసింది. భవాని పోయినసారి ఇంట్లో మరిచిపోయిన గ్రాఫు కాగితం. "నువ్వు గీసిందే గదా! తిండి తగ్గితే గడ్డ గీత కిందికి దిగింది. ఒక్కొక్క అక్షరం కూడుకొని సదివిన. అందుకే గడ్డను ఎండబెడ్తున్న."

"ఎండేది గడ్డనా, తాతనా? బొక్కలు తేలినయ్ సూడు! వెనక పేజీ ఎందుకు తిప్పలే?" భవాని గొంతు పెరిగింది. కాగితం తిప్పి చూపింది. "ఇగో, రెండో గీత. గడ్డతోని కొట్లాడే కణాలు. తిండి మరీ తగ్గితే ముందుగాల ఇవే పడిపోతయ్. గడ్డ మళ్ల లేస్తది. అయినా ఇది ఒట్టి లెక్క. తాతను సూసి గీసింది గాదు."

పోశవ్వ గోడకు ఒరిగి కూలబడింది. "నా చేతులతోనే మాడ్పిన్నా ఈయనను?"

నలభై ఏళ్లు మగ్గం నేసిన సారయ్య మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏడ్వకే. గంజి పెట్టని పడుగు మగ్గం మీద ఆగుతదా? నాడె పోగుల నడుమ అటు ఇటు నాలుగుసార్లు ఉరకంగనే తెగుతయ్. గది నాకెర్కే. నువ్వు ఆశతోని పోస్తుంటే కాదనబుద్ధి గాలే."

పోశవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని పొయ్యి వెలిగించింది. గుడ్లు ఉడకేసింది. మెత్తటి పప్పన్నం కలిపి, చిన్న చిన్న ముద్దలు తినిపించింది. బయట ఆటో హారన్ మోగితే, "ఆగమను! ముద్ద ఇంక నోట్లనే ఉన్నది!" అని అరిచింది. భవాని ఏడుస్తూనే నవ్వింది.

దవాఖానలో పది రోజులు ఉంచుకుని, బలం పట్టాక మందు ఎక్కించారు. సారయ్య ఇంటికొచ్చాడు. ఆ తర్వాత మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ వచ్చాడు. నాలుగోసారి వెళ్లిన సారయ్య తిరిగి రాలేదు. ఆయన కన్నుమూసింది 2025 నవంబర్ పద్నాలుగు, శుక్రవారం.