క్యారియర్ మీద చోటు

మా ఊళ్ళో వాగు గట్టున, రోడ్డు వంతెన కింద ఒక మలుపు ఉంది. దాన్ని బరువు మలుపు అంటారు. పగలు చూస్తే ఏమీ ఉండదు. వంతెన స్తంభాలు, రెల్లు దుబ్బులు, అడుగున నల్లగా కదిలే నీళ్ళు, అంతే. చీకటి పడ్డాక మాత్రం సైకిల్ మీద వెళ్ళే ప్రతివాడూ అక్కడ దిగుతాడు. సైకిల్ నడిపించుకుంటూ మలుపు దాటి, వెనక్కి తిరిగి ఒకసారి క్యారియర్ వంక చూసి, అప్పుడు ఎక్కుతాడు.

గట్టు మట్టిబాటగా ఉన్న రోజుల్లో ఒకడు కొత్త పెళ్ళాన్ని క్యారియర్ మీద ఎక్కించుకుని ఆ దారినే వస్తున్నాడట. మలుపులో చక్రం గుంతలో పడింది. పిల్ల జారి వాగులో పడింది. వాడు వెనక్కి చూడలేదు... కబుర్లు చెబుతూ ఇంటిదాకా తొక్కాడు. గుమ్మం ముందు ఆపి "దిగవే" అన్నాడు.

క్యారియర్ ఖాళీ.

అప్పట్నుంచీ ఆవిడ తన చోటు కోసం కాచుకుని ఉందట. ఖాళీ క్యారియర్ కనిపిస్తే ఎక్కి కూర్చుంటుంది — సైకిల్ బరువెక్కుతుంది. అక్కడ ఇంకో ఆడది కూర్చుని కనిపిస్తే మాత్రం... ఓర్చుకోలేదు. అందుకే మలుపు రాగానే ఆడవాళ్ళు దిగి నడుస్తారు. దిగనివాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు.

నాకు మాత్రం ఆ గట్టంటే భయం కన్నా కుళ్ళే ఎక్కువ. దాచుకోవడం ఎందుకు? మేముండేది వాగుకి ఇవతలి పక్క. ప్రభుత్వం సొమ్ముతో బాట బాగుచేస్తామంటూ కొలతలకి వచ్చినప్పుడు రెండు గట్లూ కొలిచారు. తీరా డబ్బు అవతలి గట్టుకే వచ్చింది. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం! వాళ్ళకి నడవడానికి ఒక బాట, సైకిళ్ళకి ఇంకో బాట, ఇనుప కమ్మీలు, బెంచీలు, వరసగా దీపాలు. మాకు అదే బురద, అవే కుక్కలు. చివరికి దెయ్యం కూడా వాళ్ళ గట్టు మీదే ఉంది.

పైగా ఆ పని దగ్గరుండి చేయించే ఇంజినీరు ఎవరనుకున్నారు? మా బావ. మా పెద్దమ్మ కూతురి మొగుడు.

అక్క బట్టలు కుడుతుంది. వీధి చివర చిన్న కొట్టు, రెండు మిషన్లు. చెయ్యి మంచిదే కానీ మనసు నిండా అనుమానం. బావ చొక్కాకి బొత్తాం ఊడితే "తెగిందా?" అని అడగదు, "ఎవరు లాగారు?" అని అడుగుతుంది. అలాంటి మనిషికి ఈ బాట పని మొదలయ్యాక కంటి మీద కునుకు లేదు. గట్టు పొడుగునా ఏ మొక్కలు నాటాలో చెప్పడానికి ఆఫీసువాళ్ళు ఒక అమ్మాయిని పెట్టుకున్నారు. చలాకీగా ఉంటుంది, వేళాపాళా లేకుండా బావకి ఫోన్ చేస్తుంది. అక్క ఆ పిల్లకి మొక్కలమ్మాయి అని పేరు పెట్టి, ఆ పేరు పళ్ళు నూరకుండా ఎప్పుడూ పలకలేదు.

బావేమో రోజూ చీకటి పడ్డాకే ఇంటికి. మోకాలికి గీతలు, ఒంటికి మట్టి, నోట్లో ఈల.

ఒకరోజు అక్క మా ఇంటికి వచ్చి, సంచిలోంచి బావ చొక్కా తీసి నా మంచం మీద పరిచింది.

"చూడవే."

నడుం దగ్గర రెండు పక్కలా బట్ట నలిగి ఉంది. తడి ఇంకా ఆరలేదు.

"చెమటేమో అక్కా."

"నాకు చెబుతావా? చెమటకి నలిగితే వీపు మీద నలుగుతుంది. ఇది గుప్పిట్లో పట్టి నలిపింది. సైకిల్ మీద వెనక కూర్చుని, పడిపోకుండా మొగాడి చొక్కా పట్టుకుంటే పడే ముడత ఇది." అక్క చొక్కాని ఉండచుట్టి సంచిలో కుక్కింది. "పెళ్ళయి ఇన్నేళ్ళు... నన్ను ఒక్కసారైనా వెనక ఎక్కించుకున్నాడేమో అడుగు. నా చోట ఇంకొకతె కూర్చుంటే ఊరుకుంటానా? ప్రాణం పోయినా ఊరుకోను."

నేను నవ్వేశాను. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

ఇక ఆ రాత్రి సంగతి తర్వాత అక్క నోటివెంట విన్నది విన్నట్టు చెబుతున్నాను.

తెల్లారితే బాట ప్రారంభం. అక్క పొద్దు వాలగానే కొట్టు మూసి, బావ వెనకే గట్టెక్కింది. కొత్త సిమెంటు వాసన. దీపాల స్తంభాలు నిలబెట్టారు కానీ మలుపు దగ్గర కరెంటు ఇంకా ఇవ్వలేదు. వంతెన మీద లారీ వెళ్ళినప్పుడు ఒక్క క్షణం వెలుగు... మళ్ళీ చీకటి. మిగిలిపోయిన రాళ్ళ కుప్ప వెనక నక్కి కూర్చుంది.

కాసేపటికి సైకిల్ చప్పుడు. దానితోపాటు బావ గొంతు, గుసగుసగా —

"పట్టుకో... గట్టిగా పట్టుకో... వదలకు..."

అక్క ఒళ్ళు భగ్గుమంది. ఒక్క ఉదుటున బాట మధ్యకి దూకింది.

"ఎవర్తండీ అది?"

బావ కెవ్వుమని, సైకిల్‌తో సహా ఇసక కుప్పలోకి పోయాడు.

"నువ్వా! ప్రాణం పోయినంత పనయింది కదే!"

"నా సంగతి తర్వాత. మొక్కలమ్మాయి ఏది? ఎక్కడ దాక్కుంది?"

"ఆ పిల్ల ఇక్కడెందుకు ఉంటుంది?"

"మరి పట్టుకో, వదలకు అంటూ ఎవరితో సరసం?"

బావ ఇసక దులుపుకుంటూ తల దించుకున్నాడు. "నాతోనే... హ్యాండిల్ గట్టిగా పట్టుకోమని నాకు నేనే చెప్పుకుంటున్నా."

"ఏమిటీ?"

"నాకు సైకిల్ రాదే."

పెళ్ళికి ముందు ఈయనగారు కాలేజీలో సైకిల్ పందేలన్నీ తనే గెలిచినట్టు కోతలు కోశాడు. అక్క ఆ కోతలకే పడింది. ఇప్పుడేమో పై ఆఫీసరు, బాట వేయించినవాడే అందరికన్నా ముందు సైకిల్ తొక్కాలని హుకుం వేశాడు. పగలు నేర్చుకుంటే ఊరంతా నవ్వుతుంది. ఇంట్లో చెబితే పెళ్ళాం నవ్వుతుంది. బాట పని జరుగుతుండటంతో రాత్రిళ్ళు ఎవరూ రాని చోటు ఇదొక్కటే.

"మొదట్లో రోజూ పడ్డాను," అన్నాడు బావ. "ఈమధ్య పడటం లేదు. ఈ మలుపుకి రాగానే... వెనక ఎవరో పట్టుకున్నట్టు సైకిల్ నిలకడగా పోతోంది."

అక్క ఆ మాట సరిగ్గా వినలేదు. కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఎన్ని రోజుల కడుపుమంటో ఒక్కసారిగా చల్లారింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సైకిల్ లేపి, క్యారియర్ మీద దర్జాగా కూర్చుంది.

"పదండి, ఇంటికి తీసుకెళ్ళండి."

"మలుపు దాటేదాకా నడువు. ఇక్కడ ఆడవాళ్ళు..."

"నేను దిగను."

"దిగవే, నా మాట విను."

"ఇన్నేళ్ళకి దొరికింది నా చోటు. ఏ దెయ్యం వచ్చి అడిగినా ఇవ్వను."

బావ తొక్కాడు. సైకిల్ నిలకడగానే కదిలింది. వంతెన నీడలోకి వచ్చింది. మలుపు తిరిగింది...

బరువెక్కింది.

"ఏమిటే ఇంత బరువున్నావు..." బావ రొప్పుతున్నాడు.

అక్క జారిపోతానేమోనని బావ నడుం పట్టుకోబోయింది. రెండు చేతులూ చాచింది.

అక్కడ అప్పటికే రెండు చేతులున్నాయి.

చల్లగా... తడిగా... అక్క వెనక నుంచి వచ్చి, అక్క పక్కటెముకలకి రాసుకుంటూ, బావ చొక్కాని గుప్పిళ్ళతో పట్టుకుని ఉన్నాయి. సరిగ్గా ఆ ముడతలు పడిన చోటే.

ఇంకొకరైతే కేక పెట్టేవాళ్ళు. అక్క పెట్టలేదు. ఆ క్షణంలో ఆవిడకి భయం వేయలేదు, ఒళ్ళు మండింది. ఆ వేళ్ళు పట్టుకుని విడదీయడం మొదలుపెట్టింది. ఒకటి... ఇంకొకటి... విడదీసిన వేలు మళ్ళీ ముడుచుకుంటోంది.

"నా మొగుడు..." అంది పళ్ళ బిగువున.

చెవిలో చల్లటి ఊపిరి తగిలింది. "దిగు..."

"దిగను!"

పెనుగులాట. సైకిల్ ఒక్క ఊపు ఊగింది. వెనక వాగులో దబ్బుమని చప్పుడు... ఆ తర్వాత రెల్లు గలగలమంది.

సైకిల్ తేలికయింది.

బావకి వెనక్కి చూడాలని ఉంది. ఆ పాత కథ ఆయనకీ తెలుసు. కానీ కొత్త చెయ్యి, తల తిప్పితే పడతాడు. ముందుకే చూస్తూ అడిగాడు.

"ఉన్నావా?"

"ఉన్నానండీ."

హమ్మయ్య అనుకుని ఇంటిదాకా తొక్కాడు.

తెల్లారి ప్రారంభం. మేము ఇవతలి గట్టు మీద బురదలో నిలబడి చూశాం. అందరికన్నా ముందు బావ సైకిల్. మిగతావాళ్ళంతా ఒంటరిగా తొక్కుతుంటే ఆయన వెనక మాత్రం అక్క కూర్చుని ఉంది, రెండు చేతులతో నడుం పట్టుకుని. జనం చప్పట్లు. నాకైతే కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. నా మొగుడు బండి మీద నన్ను ఎక్కించుకున్నప్పుడు ఉన్నానో ఊడానో కూడా అడగడు. బాట వాళ్ళదే, సంబరం వాళ్ళదే, ప్రేమ కూడా వాళ్ళదేనా అనుకున్నాను.

ఆ కుళ్ళు కొంచెం తగ్గాక అక్కని చూడటానికి వెళ్ళాను. కొట్టు మూసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే మిషన్ల మీద దుమ్ము. ఇంటికి వెళ్ళి అడిగాను.

"కుట్టడం మానేశావా?"

"దారం చేతికి లొంగడం లేదే," అంది.

అప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాత్రి కథంతా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. వింటుంటే నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా ధైర్యం చెప్పడం నా వంతు కదా.

"పోనీలే అక్కా, పీడ విరగడయింది. ఆ వాగులో పడ్డది ఇంక పైకి రాదులే."

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది... తడిగా ఉంది. నా ముఖంలోకి చూసి మెల్లగా నవ్వింది.

"ఎలా వస్తుందీ? దిగమన్నప్పుడు దిగలేదుగా... మీ అక్క."