చౌడక్క పాటల క్యాసెట్

పెళ్లికి ఇంకా ఆరు రోజులుంది. పొద్దున్నే జయచంద్ర మనుషుల్ని పిలిపించి, నడవలో ఏళ్లుగా వాడకుండా ఉన్న పాత మగ్గం విప్పించేశాడు. కూతురు వాణి పెళ్లికి వంటవాళ్లకు చోటు కావాలి మరి. మగ్గం కదిలాక అతని భార్య హేమావతి చీపురు పట్టుకుని, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంతలోకి దిగింది. గుంత గోడకున్న గూట్లో, పాత నూలు కండెల వెనక, పట్టుగుడ్డలో చుట్టిన చిన్న మూట దొరికింది.

విప్పి చూస్తే క్యాసెట్. దాని మీద నీలి సిరాతో ‘చౌడక్క నలుగు పాటలు’ అని రాసి ఉంది. హేమావతి చేతిలోని చీపురు జారిపోయింది.

చౌడక్క ఆమె తల్లి. చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఏ పెళ్లిలో నలుగు పెట్టినా ఆమె గొంతు లేవాల్సిందే. హేమావతి పెళ్లిలో ఆ పాటలన్నీ పెనుకొండలో క్యాసెట్ల అంగడి గంగాధర క్యాసెట్లో పట్టి ఇచ్చాడు. వాణికి ఏడాదిన్నర ఉన్నప్పుడు చౌడక్క పోయింది. దినాలు ముగించుకుని వచ్చి హేమావతి ఆ క్యాసెట్ అడిగితే, అత్త ఆదిలక్ష్మమ్మ, “రేడియోలో భజన వస్తాంటే తెలీక దానిమీదే పట్టేసినా. టేపు చిక్కుపడితే పారేసినా” అంది.

ఆ రోజు నుంచి హేమావతి ఆమెను ‘అత్తా’ అని పిలవలేదు. ఇరవై నాలుగేళ్లు! ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ‘ఆమెకు పెట్టండి’, ‘ఆమెనడగండి’ అనడమే. కోపాన్ని సాకినంత శ్రద్ధగా ఆమె కోడిపిల్లల్ని కూడా సాకదు.

ఇప్పుడా కోపానికి సాక్ష్యం దొరికింది. గుంతలోంచి ఎక్కి వచ్చి, అరుగు మీద ఇడ్లీ తుంచబోతున్న అత్త పళ్లెం పక్కన క్యాసెట్‌ను ఠపీమని పెట్టింది.

“ఇదేంది?”

ఆదిలక్ష్మమ్మ చెయ్యి ఆగిపోయింది. “యాడ దొరికె?”

“దాచిపెట్టినదానివి నీకు తెల్దా? పారేసినా అంటివే! మా యమ్మ పాటకు ఊర్లు కదిలొస్తాంటే నీకు కడుపుమంట. ఆ గొంతు నా చెవిన పడకూడదు, అంతే గదా?”

“అట్లే అనుకో.”

“అనుకునేదేంది? నోరు తెరిచి చెప్పు!”

“చెప్పేదేమీ లేదు. దాన్ని తీసకపోయి పొయ్యిలో వెయ్యి.”

ఆ మాటతో హేమావతికి ఒళ్లు భగ్గుమంది. “మూట కట్టుకో! హిందూపురంలో నీ చిన్నకొడుకు హరికృష్ణ ఉండాడు గదా, పోయి ఆడుండు. నా బిడ్డ పెండ్లిలో నువ్వు నా కండ్లకు కనపడొద్దు!”

“హేమా, పెద్ద మనిషిని పట్టుకోని...” అంటూ జయచంద్ర అడ్డం వచ్చాడు.

“నువ్వు మాట్లాడొద్దు! ఇన్నేండ్లు మూగోని మాదిరి ఉంటివి, ఇప్పుడూ అట్లే ఉండు.”

ఆదిలక్ష్మమ్మ లేచింది. ఇడ్లీలు పళ్లెంలోనే ఉన్నాయి. లోపలికి వెళ్లి నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. పౌరుషంలో కోడలికి తీసిపోయే మనిషి కాదు.

వాణి తల దువ్వుకుంటున్నది కాస్తా దువ్వెన విసిరేసి వచ్చింది. “అమ్మా, ముందు ఇందులో ఏముండాదో ఇను. గంగాధర తాత కాడ ఇంకా టేపురికార్డరుండాది.”

“ఇంటా. ఆమె కూడా రావల్ల. ఆమె చేసిన పని నలుగురి ముందర తేలల్ల. ఆడ్నించి అట్లే హిందూపురం బస్సెక్కిస్తా.”

పెనుకొండ దాకా బస్సులో ముగ్గురూ మూడు సీట్లలో కూర్చున్నారు.

ఒకప్పుడు గంగాధర అంగడిలో గోడల నిండా క్యాసెట్లే. జనం పాటల చీటీ రాసిచ్చి రెండు రోజులు ఆగి తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. లోపలి గదిలో మాత్రం పాత మిషన్లన్నీ గుడ్డ కప్పుకుని ఉన్నాయి.

“ప్లేట్లు పోయి టేపులొచ్చె, టేపులు పోయి సీడీలొచ్చె. ఇప్పుడన్నీ ఫోన్లోనే అంట,” అని గొణుక్కుంటూ గంగాధర కళ్లద్దాలు పెట్టుకుని క్యాసెట్ తిప్పి చూశాడు. చూసి మండిపడ్డాడు. “ఎవరు చేసినారు ఈ పని? మళ్లీ ఎవరూ దీనిమీద పట్టకూడదని వెనకంచున ప్లాస్టిక్ ముక్క నేనే విరిచి ఇచ్చింటి. ఆ బొక్కలో కాగితం దోపి, పైన స్టిక్కరంటించి మరీ పట్టినారే! మిషన్లు పాడైతే బాగు చేస్తా. మనుషులే తుడిపేసుకుంటే నేనేం చేసేది?”

“చూసినారా!” అంటూ హేమావతి ముందుకు వంగింది. అక్కడే ఆగిపోయింది.

ఆ బొక్క మీద ఉన్నది మెరూన్ రంగు బొట్టు స్టిక్కరు.

ఆదిలక్ష్మమ్మ నుదురు బోసిగా ఉంది. హేమావతి కాపురానికి రాకముందే ఆమె భర్త పోయాడు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో బొట్టు స్టిక్కర్లు పెట్టుకునే ఆడది ఒక్కతే. పాత సినిమా క్యాసెట్ల మీద కొత్త పాటలు పట్టడానికి అలా కాగితం దోపి స్టిక్కరు అంటించేదీ ఆ ఒక్కతే.

పాటలు పట్టింది ఒక్క వైపే. గంగాధర ఆ వైపు పెట్టి మీట నొక్కాడు. ముందు మగ్గం చప్పుడు. తర్వాత పసిపిల్ల కేరింత. ఆ వెంటనే ఒక పడుచు గొంతు పకపకా నవ్వుతూ, “వాణీ, అవ్వ అను... అ... వ్వ...”

అది హేమావతి గొంతే. బిడ్డ మాటలు పడతాయని టేపురికార్డరు మగ్గం పక్కన పెట్టి, టేపు ఆ వైపు అయిపోయేదాకా వదిలేసిన రోజు గుర్తొచ్చింది. పాత సినిమా క్యాసెట్ అనుకుంది. మీద రాసింది చూడకుండానే తీసి స్టిక్కరంటించింది.

ఆమె అత్త వైపు తిరిగింది. “ఎందుకు చెప్పలేదు?”

“యెట్ల చెప్పేది?” అంది ఆదిలక్ష్మమ్మ. “నువ్వొస్తే ఇనిపిద్దామని పెట్టి చూస్తి, నీ నవ్వు వినపడె. మీ యమ్మ పోయి పదకొండు దినాలు. నీళ్లు గూడా ముట్టకుండా ఉంటివి. నీ చేత్తోనే తుడిపేసినావని చెప్పింటే బాయిలో పడింటావు. నామీద కోపంతోనన్నా లేచి నాలుగు మెతుకులు తింటావనుకుంటి. తింటివి గూడా.”

“తర్వాతన్నా చెప్పచ్చు గదా! ఇన్నేండ్లు నాతో ఈ పాపం చేయిస్తివే!” హేమావతి కేక వేసింది. కోపం ఇంకా ఉంది, కానీ ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు.

ముసలావిడకూ కోపం కట్టలు తెగింది. “ఎప్పుడు చెప్పనిస్తివి? ఒక్కనాడన్నా అత్తా అని పిలిస్తివా, ఏమమ్మా అని తిరిగి పలికేదానికి?”

టేపు తిరుగుతూనే ఉంది. మగ్గం చప్పుడు మధ్యలో, దూరంగా వాకిలి వైపు నుంచి ఇంకో గొంతు వినిపించింది. మనవరాల్ని చూడటానికి వచ్చిన చౌడక్క గొంతు. పాట కాదు, ఉత్త మాటే.

“హేమా! మగ్గం చాలించి రామ్మే. మీ యత్త సంగటి ముందర పెట్టుకోని కూసోనుండాది. నువ్వొచ్చేదాకా ముట్టదంట. ఆయమ్మను పస్తుంచద్దు, రా!”

హేమావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వాణి వెళ్లి అవ్వ చేతిలోని సంచి లాక్కుంది. గంగాధర టేపు ఆపబోతే హేమావతి వద్దని చెయ్యి ఊపింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుంది. పొద్దున పళ్లెంలో వదిలేసిన ఇడ్లీలు గుర్తొచ్చాయి.

“అత్తా,” అంది. “పొద్దన్నుంచి ఏమీ తినలేదు గదా నువ్వు. రా, తిందాం.”